ఆకలి కన్ను

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. నా నోట పడితే పిల్లి పులై బయటికొస్తుంది. మా ఆవిడ నా మాటల్లో సగం తీసేసి, మిగతా సగాన్ని పక్కింటివాళ్లని అడిగి నమ్ముతుంది. మీరూ అలాగే చదవండి.

పుదుచ్చేరిలో దొరల ఆస్పత్రిలో నాది పథ్యం చూసే ఉద్యోగం. ఏ రోగికి ఏ ఆహారమో డాక్టరు దొర పొద్దున్నే చెబుతాడు. ఆ గిన్నె ఆ మంచానికే చేరేలా, ఆ కడుపులోకి ఇంకేదీ పోకుండా చూడటం నా పని. వినడానికి సుఖమైన కొలువే. కానీ జ్వరం తగ్గి నాలుకకు రుచి తిరిగొచ్చిన వార్డును మీరు చూడలేదు. నేను అడుగుపెడితే మనుషులే కాదు, మంచాలు కూడా మూలిగేవి. చుట్టాలు తేంగాయితిట్టు చేపల రేవు నుంచి వేయించిన చేపల్ని తలపాగాల్లో చుట్టుకొచ్చేవాళ్లు. ఒకాయన తలపాగాలో చేపతోపాటు పడవ కూడా ఉందని నా అనుమానం.

ఆ వానాకాలం, కిటికీ పక్క మంచంలోకి మిల్లు పనివాడొకడు సన్నిపాత జ్వరంతో వచ్చాడు. పేగులు పుండయ్యాయి, మెతుకు తగిలితే చిల్లు పడి ప్రాణం పోతుంది, పాలూ గంజి తేటా తప్ప ఏమీ ఇవ్వొద్దన్నాడు దొర. ఆ మాట గోడకి చెప్పినా బాగుండేది, నాకు చెప్పాడు. అప్పటినుంచి ఆ పేగు నా కడుపులోనే ఉన్నట్టయింది.

రోగి తల్లి వరండాలో చాప వేసుకుని కూర్చునేది. తాతల నాడు ఇక్కడికొచ్చి స్థిరపడ్డ మా తెలుగువాళ్లే.

“ఏంది నాయనా, నా బిడ్డను ఎండబెట్టి వడియాలు చేస్తావా?”

“దొర చెప్పినాడు అవ్వా.”

“రొట్టె తినేటోడికి అన్నం సంగతి ఏం తెలుసు?”

“లోపలికి ఏమన్నా తెచ్చినావా?”

“నా ఏడుపు తెచ్చినా. అదీ కొలుచుకో.”

ఆమె మూట విప్పించి చూసేవాణ్ణి. తమలపాకులు, విసనకర్ర. నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్లీ చూసేవాణ్ణి. ఇంటికి పోతూ పోతూ సముద్రపు ఒడ్డున అనుమానం పుట్టేది. చెప్పులు చేతబట్టుకుని వెనక్కి పరిగెత్తేవాణ్ణి. నా పరుగులకి తెల్లవాళ్ల వీధులు అరిగి గుంటలు పడ్డాయి.

ఇంట్లో కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. ప్రతి మెతుకూ ఎవరి పేగుకో తగలబోతున్నట్టు కనబడేది. ముద్దని పిసికి పిసికి పిండి చేసి వదిలేసేవాణ్ణి.

“అన్నాన్ని అట్లా చూస్తారేంది, అదేమన్నా తేలా?” అంది మా ఆవిడ.

“ఆకలి లేదు.”

“ఊరందరి పథ్యం చూసి చూసి మీరు రోగం తెచ్చుకున్నారు. ఇట్లానే ఉంటే ఆ వార్డులోనే మీకూ ఒక మంచం అడుగుతా.”

వేళాకోళంగా మొదలుపెట్టింది కానీ, చివరికొచ్చేసరికి నా కంచం తీయకుండా దాని ముందే కూర్చుండిపోయింది.

ఎట్టకేలకు అతని జ్వరం దిగింది, పుండు మానింది. దొర మెత్తటి అన్నానికి ఒప్పుకున్నాడు. మొదటి పూట రెండే ముద్దలు, నేను దగ్గరుండి చూడాలి. తల్లి బీరకాయ కూర, గుజ్జులా వండిన అన్నం తెచ్చింది. మా ఇళ్లలో లంఖణాల తరవాత పెట్టే పథ్యం అదే. ముద్ద ఎత్తింది, నా మొహం చూసింది, దించేసింది.

“నువ్వు అవతలికి పో నాయనా.”

“పోకూడదు అవ్వా, చూడమన్నాడు దొర.”

“నీ కండ్లు చూసుకున్నావా? తిని ఎన్నాళ్లయిందో. ఆకలి కన్ను పడితే నా బిడ్డకి అరగదు.”

ఆ దిష్టి భయం మా ఇంట్లోనూ ఉన్నదే, కాదనలేకపోయాను. నేను కదిలితే దొర ఆజ్ఞ పోతుంది, కదలకపోతే ముద్ద కదలదు. కొడుకు నోరు తెరుచుకునే ఉన్నాడు. కాకి వచ్చి గూడు కట్టుకునేంతసేపు అలాగే ఉన్నాడు.

“అయితే ముందు నువ్వు తిను. తిన్నోడు చూస్తే దోసం లేదు.”

“నాకు దిగడం లేదవ్వా.”

“పేగు పుండు వాడికా, నీకా? నోరు తెరు.”

నలభై దాటినవాణ్ణి, ఇంత మీసం ఉన్నవాణ్ణి, వార్డంతా చూస్తుండగా నోరు తెరిచాను. ముద్ద గొంతు దగ్గర కాసేపు తలుపు తట్టి, లోపలికి దిగింది. అప్పుడామె కొడుక్కి పెట్టింది.

ఇక కల్పించిందేదో చెప్పాలి. తలపాగాలో పడవ, అరిగిన వీధులు మీరే పట్టేసి ఉంటారు. అవి కొంచెం ఊదినవి, అంతే. బొత్తిగా అల్లింది ఒక్కటే, ముద్ద దిగిందన్నది. అప్పుడు దిగలేదు. దవడలో దాచుకుని గుటక వేసినట్టు నటించాను, ఆమె నమ్మింది. కొడుకు రెండు ముద్దలూ తిని, నొప్పీ గిప్పీ లేకుండా నిద్రలోకి జారుకున్నాక, ఉమ్మేద్దామని వరండా స్తంభం వెనక్కి వెళ్లాను. అక్కడ దిగింది.

ఇంటికి పోయి, అన్నం ఉందా అని అడిగాను. ఆ మాటను మాత్రం మా ఆవిడ పక్కింటివాళ్లని అడక్కుండానే నమ్మింది.