పైరగాలి దివిసీమ మీదుగా వచ్చిన రోజు

నా రిటైర్మెంటుకు ఏడాది ముందు, మార్చి రెండో వారంలో, పమిడిముక్కల పొలాల్లో జరగబోయే పారాగ్లైడింగ్ ట్రయల్‌కు వాతావరణం చూసిపెట్టే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను మచిలీపట్నం వాతావరణ కేంద్రంలో సైంటిఫిక్ అసిస్టెంటుని. అంతకు ముందు ఎనిమిదేళ్లు ఉత్తరాది కొండల్లో పనిచేశాను. అక్కడ రోజూ పొద్దున్నే గాలి లెక్కలు కట్టి, ఇవాళ ఎగరొచ్చా, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా, ఎంత ఎత్తుదాకా అన్నది బోర్డు మీద రాయడమే నా ఉద్యోగం. ఆ బోర్డు చూడకుండా ఏ పైలటూ నేల వదిలేవాడు కాదు. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పారాగ్లైడర్‌కి ఇంజను ఉండదు. పైన గుడ్డ రెక్క, కింద తాళ్లకు వేలాడే మనిషి, అంతే. ఎండకు నేల వేడెక్కి, దాన్ని తాకిన గాలి తేలికై పైకి లేస్తుంది. దాన్నే థర్మల్ అంటాం. పైలట్ అందులో గుండ్రంగా తిరుగుతూ ఎత్తు సంపాదించి, తర్వాత ముందుకు జారుతూ ఇంకో థర్మల్ వెతుక్కుంటాడు. థర్మల్ కంటికి కనపడదు, గద్దలు కనపడతాయి. రెక్క ఆడించకుండా గద్ద పైకి పోతోందంటే అక్కడ గాలి లేస్తోందన్నమాట. కొండల్లో మేం పరికరాల కన్నా గద్దల్నే ఎక్కువ నమ్మేవాళ్లం.

ట్రయల్ పైలట్ రఫీ. బందరు వాడే, మా వీధి చివర టైలర్ గారబ్బాయి. కొండల్లో నా బోర్డు చదువుకుంటూనే ఎగరడం నేర్చుకున్నాడు. ముప్పై రెండేళ్లవాడు, ఇంట్లో ఏడు నెలల పాప. డ్యూటీలో నన్ను సార్ అనేవాడు, బయటికొస్తే మావయ్యా అనేవాడు. డెల్టాలో దూకడానికి కొండ లేదు కాబట్టి తాడు కట్టి మోటారుతో లాగి, గాలిపటాన్ని ఎగరేసినట్టు పైకి ఎగరేయాలి. అక్కణ్ణుంచి అతను చల్లపల్లి దగ్గర మేం ఎంచుకున్న పొలం దాకా వెళ్లి దిగాలి. క్షేమంగా దిగితే ఇక్కడ కూడా ఎగరొచ్చని నేను నివేదిక రాయాలి.

ఆ పొలం కనకమ్మ గారిది. పక్కనే ఆవిడ కళ్లం, మినుములు కుప్ప పోసి ఉన్నాయి. ముందురోజు చూడ్డానికి వెళ్తే, "దిగితే దిగండి గానీ సారూ, మేం తూర్పారబట్టేటప్పుడు మాత్రం దిగమాకండి. పొట్టంతా ఆ ఎగిరొచ్చే ఆయన మొహాన పడుద్ది" అని నవ్వింది. నా ఫోన్ నంబరు రాసిచ్చి వచ్చాను.

ట్రయల్ రోజు పొద్దున పొడి, తడి థర్మామీటర్లు చూశాను. తెల్లవారుజామున బెలూన్ పంపి కొలిచిన పైగాలి ఉష్ణోగ్రతలతో కలిపి గ్రాఫు గీశాను. పన్నెండు గంటలకు మంచి థర్మల్స్ తేలాయి. ఉన్నది ఒక్కటే భయం, పైరగాలి. మధ్యాహ్నం సముద్రం మీంచి వచ్చే ఆ చల్లగాలి, చాప కింద చెయ్యి పెట్టి ఎత్తినట్టు, నేల మీది వేడిగాలిని ఎత్తేస్తూ వస్తుంది. దాని అంచు దగ్గర లిఫ్టు, అంటే రెక్కని పైకి లేపే ఊపు, బ్రహ్మాండంగా ఉంటుంది. అంచు దాటితే మాత్రం లిఫ్టు చచ్చిపోతుంది, అడ్డగాలి చావగొడుతుంది. అది రాకముందే దిగిపోవాలి.

అందుకే పన్నెండింటికి బందరులో మా ఆఫీసుకి ఫోన్ చేశాను. గాలి ఇంకా పడమరే, పైరగాలి మొదలవలేదు అన్నారు. బందరులో గాలి తిరిగాక అది చల్లపల్లికి రావడానికి గంటన్నర పడుతుంది కదా అని రఫీని పైకి పంపించాను. బందరులో పుట్టినవాడికి సముద్రమంటే తూర్పునే ఉంటుంది. దివిసీమ కింద, దక్షిణాన కూడా సముద్రమేనని మ్యాపు మీద నాకూ తెలుసు. ఆ రోజు లెక్కలో మాత్రం అది లేదు.

రఫీ ముందు, జీపులో నేను వెనక. పావు తక్కువ ఒంటిగంటకి దక్షిణాన గద్దలు కనపడ్డాయి, పదీ పన్నెండు, అన్నీ పైపైకి పోతున్నాయి. రేడియోలో, అక్కడికి వెళ్లు, మంచి థర్మల్ ఉంది అన్నాను. అయిదు నిమిషాల్లో అతని గొంతు సంబరంగా వినిపించింది. సెకనుకి అయిదు మీటర్లు లేస్తోందట, కొండల్లో కూడా ఇంత చూళ్లేదట.

అప్పుడే ఫోన్ మోగింది. "సారూ, కనకమ్మనండి. ఇయ్యాల పైరగాలి ముందే వచ్చేసింది, చేటలెత్తేశాం. మీ ఎగిరే ఆయన్ని కాసేపాగి దించండి, పొట్టు ఎగురుతోంది."

మళ్లీ తలెత్తి చూశాను. గద్దలు ఒక చోట గుండ్రంగా తిరగడం లేదు. తూర్పు నుంచి పడమర దాకా బారులు తీరి ఉన్నాయి. అది థర్మల్ కాదు, పైరగాలి అంచు. నేనే వాణ్ణి తీసుకెళ్లి దాని నోట్లో పెట్టాను.

వెనక్కి తిరిగి, ఉత్తరానికి వచ్చి వెంటనే దిగిపొమ్మన్నాను. గద్దల్ని వదలొద్దని మీరేగా సార్ నేర్పింది, అన్నాడు. "నేర్పింది నేనే, తప్పు నేర్పాను. తిరుగు రా!" అని అరిచాను.

తిరిగాడు. తిరుగుతుండగానే రెక్క సగం ముడుచుకుపోయింది. రేడియోలో "మావయ్యా!" అని ఒక్క కేక. తర్వాత ఏమీ లేదు. గుడ్డ మెలికలు తిరుగుతూ పడిపోతోంది. ఆ కాసేపట్లో నేను వాళ్ల పాప మొహం తప్ప ఇంకేమీ చూడలేదు. ఎలాగో రెక్క విచ్చుకుంది. వాడు తాళ్లు లాగి రెక్క చివర్లు మడిచి వేగంగా కిందికి దిగాడు, రోడ్డు పక్కన కోసిన వరిపొలంలోకి.

కాళ్లు నేలకు ఆనాయో లేదో, దుమ్ము లేపుకుంటూ గాలి వచ్చి పడింది. గుడ్డ తెరచాపలా ఉబ్బి వాణ్ణి మోళ్ల మీద ఈడ్చుకుపోసాగింది. ఎదురుగా చేపల చెరువు. బెల్టులతో కట్టేసి ఉన్న మనిషి నీళ్లలో పడితే పైకి రాడు. యాభై తొమ్మిదేళ్ల వయసులో నేనంత పరిగెత్తగలనని నాకే తెలీదు. నేనూ జీపు డ్రైవరూ చెరో పక్క గుడ్డ మీద పడ్డాం. చెరువు గట్టు మొదట్లో ఆగింది.

రఫీకి భుజం దగ్గర ఎముక విరిగింది. నొప్పిలోనే, "గద్దలు మోసం చేశాయి మావయ్యా" అన్నాడు.

"గద్దలు కాదురా, నేను" అన్నాను.

చల్లపల్లిలో కట్టు కట్టించి, సాయంత్రం కనకమ్మ గారి దగ్గరికి వెళ్లాను. గాలి ముందే వస్తుందని మీకెలా తెలుసని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. "తెలియడమేంటండీ? పదకొండున్నరకే నాగాయలంక నుంచి మా వదిన ఫోన్ చేసింది, గాలి తిరిగిందీ అని. అవనిగడ్డ వాళ్లు మళ్లీ చేశారు. వచ్చేలోపు మేం చేటలూ పట్టాలూ సర్దుకోవాలిగా. మీ మిషన్లు చెప్పలేదా?"

చెప్పలేదమ్మా, అన్నాను. సముద్రం ఒడ్డు నుంచి కళ్లం కళ్లానికీ ఫోన్లతో గాలి కబురు నడుస్తోంది. ముప్పై ఐదేళ్ల సర్వీసులో నేను ఒక్కసారీ అడగలేదు.

మా రిజిస్టరులో చెరపడం నిషిద్ధం. తప్పు మీద ఎర్రసిరాతో గీత గీసి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. 'ఒకటిన్నరదాకా అనుకూలం' అన్న నా మాటను కొట్టేసి, 'చల్లపల్లికి పైరగాలి 12.50లోపే. ఆధారం: కళ్లంలో చేట' అని రాశాను. పై అధికారి 'చేట' కింద గీత గీసి ప్రశ్నార్థకం పెట్టారు. నివేదికలో వివరణ ఇచ్చాను, ఆ మాట మాత్రం మార్చలేదు.

పరికరం అది ఉన్న చోట గాలినే చెబుతుంది. రాబోయే గాలి సంగతి, అది ముందుగా తగిలే మనిషిని అడగాలి. మనిషిని పైకి పంపకముందే అడగాలి.