జిపార్ ఎజె పెట్టిన సంతకం

కరాకోల్ పాల ఫ్యాక్టరీలో జిపార్ ఉద్యోగానికి సరైన పేరు కూడా లేదు. చిన్నాపెద్దా అందరూ అక్కా అన్నట్టుగా ‘ఎజె’ అంటారు, ప్రింటరు మొరాయిస్తే పిలుస్తారు. పొద్దున్నే కొండ ఊళ్ల నుంచి వచ్చే ట్యాంకర్ల పాలు ఏ తొట్టిలోకి దించాలో, ఆ తొట్టి ఎంత చల్లగా ఉందో చెప్పే రెండు సర్వర్లు తొమ్మిదేళ్లుగా ఆమె చేతిమీదే నడుస్తున్నాయని మాత్రం ఎవరికీ పట్టదు.

అంతకుముందు ఆమె బడిలో ఫిజిక్స్ చెప్పేది. సెలవుల్లో ఇక్కడ చిల్లర మరమ్మతులకు వచ్చేది. అప్పట్లో ఆ సర్వర్లలో ఉన్నది బజార్లో దొరికిన దొంగ డిస్కు నుంచి ఎక్కించిన సిస్టమ్. కొనాల్సిన సరుకును కొనకుండా వాడుకుంటే మా ఊళ్లో దాన్ని దొంగతనం అనరు, తెలివి అంటారు. ఆ తెలివి ఒక వేసవి పొద్దున నిలువునా బిగుసుకుపోయింది. రెండు ట్యాంకర్ల పాలు విరిగి కాలవలో కలిశాయి. జిపార్ రష్యన్‌లో దొరికినవన్నీ చదువుకుంటూ రెండు రోజులు కూర్చుని లినక్స్ అనే ఉచిత సిస్టమ్ ఎక్కించింది. దాన్ని ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఆ తర్వాత ఆమె బడికి తిరిగి వెళ్లలేదు.

ఈ వసంతంలో డైరెక్టరు సగిన్‌బెక్ కూతురి పెళ్లయింది. వియ్యంకుడు తెమిర్‌కుల్ బిష్కెక్‌లో సర్వర్ల లైసెన్సులు అమ్ముతాడు. పెళ్లి విందులో ఆయన భుజాలమీద మర్యాదగా చపాన్ అంగీ కప్పి, పెద్ద అతిథికి పెట్టే గొర్రె తలకాయ ముందు పెట్టి, ఫ్యాక్టరీ మొత్తానికి ఆయన సరుకే తీసుకుంటానని సగిన్‌బెక్ నలుగురిలో మాటిచ్చేశాడు. వియ్యంకుడికిచ్చిన మాట కదా, ఇక వెనక్కి పోదు.

జిపార్ మూర్ఖురాలేం కాదు. కొనకముందే నాలుగు పేజీలు రాసిచ్చింది. లెక్కల విభాగం వాడే ప్రోగ్రాము డబ్బిచ్చి కొనే సిస్టమ్ మీదే సరిగ్గా నడుస్తుంది కాబట్టి దానికొకటి కొనమంది. తొట్లు చూసే సర్వర్లను మాత్రం ముట్టుకోవద్దంది. ఆ కాగితాలు ఎవరూ చదవలేదు.

శుక్రవారం డైరెక్టరు గదికి పిలిపించారు. టీ, నూనెలో వేయించిన బోర్సోక్‌లు, వియ్యంకులిద్దరూ. బల్లమీద ఒక నివేదిక. ‘ప్రస్తుత ఉచిత సిస్టమ్ నమ్మదగినది కాదు, ఈ ఏడాది మూడుసార్లు ఆగిపోయింది’ అని ఉంది. కింద ‘కారణం’ అని ఒక ఖాళీ గడి, బాధ్యురాలి సంతకానికి జాగా.

“సంతకం పెట్టెయ్ జిపార్, టీ చల్లారిపోతోంది,” అన్నాడు సగిన్‌బెక్.

తెమిర్‌కుల్ నవ్వాడు. “ఊరికే వచ్చినదానికి యజమాని ఎవరు ఎజె? రేపు చెడిపోతే ఎవర్ని అడుగుతారు?”

“మన కొండమీది పచ్చిక మైదానానికి, ఆ జైలోకి, యజమాని ఎవరండీ? ఊరందరి గొర్రెలూ వేసవంతా అక్కడే మేస్తాయిగా. దారిలో వంతెన విరిగితే వాడుకునేవాళ్లే బాగుచేసుకుంటారు. ఇక్కడ చెడిపోతే నన్నడుగుతారు. మీ సరుకు శనివారం పొద్దున్నే ఆగితే ఫోనెత్తేదెవరు? మీరా?”

ఆయన టీ కప్పు అందుకున్నాడు.

జిపార్‌కి ఒళ్లు మండిపోయింది. మూడుసార్లు ఆగిందట! ఎందుకు ఆగిందో ఆ గదిలో తనకీ డైరెక్టరుకీ తెలుసు. కరెంటు పోతే సర్వర్లకు ఆసరాగా ఉండే బ్యాటరీని కూతురి పెళ్లిలో పాటల స్పీకర్లకని సగిన్‌బెక్కే మోయించుకుపోయాడు. చచ్చిన బ్యాటరీ తిరిగొచ్చింది. కొత్తది కావాలని ఆమె ఐదు అర్జీలు పెట్టింది. తర్వాత కరెంటు పోయిన ప్రతిసారీ సర్వర్లూ పోయాయి. తొమ్మిదేళ్ల కష్టాన్ని ఇప్పుడు ఆమె చేత్తోనే చెత్త అని రాయించుకుంటున్నారు.

కలం తీసుకుంది. సగిన్‌బెక్ మొహం విప్పారింది. ‘కారణం’ అన్న గడిలో ఆమె తీరిగ్గా రాసింది: బ్యాటరీని డైరెక్టరుగారు పెళ్లి పాటలకు తీసుకెళ్లారు. కింద సంతకం పెట్టి, కాగితాన్ని వియ్యంకుడి వైపు తోసింది.

ఆయన చదివాడు. సగిన్‌బెక్ మెడ దాకా ఎర్రబడ్డాడు.

“వియ్యంకుడి ముందు నా పరువు తీస్తావా! పో బయటికి! సోమవారం నుంచి రావక్కర్లేదు. పాస్‌వర్డులు ఇచ్చి మరీ పో!”

“నా దగ్గర దాపరికాలేం లేవు బైకె,” అంది, ఎప్పటిలా అన్నగారిని పిలిచినట్టే. సర్వర్ల గదిలోకి వెళ్లి లావుపాటి నోటుపుస్తకం తెచ్చి బల్లమీద పెట్టింది. “పాస్‌వర్డులతో సహా ఏది ఎలా నడుస్తుందో అంతా ఉంది. తొమ్మిదేళ్లుగా ఆ గది బీరువాలోనే ఉంది. తాళంచెవి మీ దగ్గరా ఒకటుంది. ఒక్కరోజన్నా తెరిచారా?”

తెమిర్‌కుల్ నాలుగైదు పేజీలు తిప్పాడు. అమ్మకాల మనిషే గానీ సరుకు తెలియనివాడు కాదు. మొహంలో నవ్వు పోయింది.

“సగిన్‌బెక్, మావాళ్లొచ్చి మార్చేదాకా కనీసం రెండు నెలలు ఇదే నడవాలి. ఇది చదివి నడపగలిగేవాళ్లు ఇక్కడ ఎవరున్నారు?”

సగిన్‌బెక్ నోటుపుస్తకాన్ని తన వైపు లాక్కున్నాడు.

“ఒకతె ఉండేదండీ,” అంది జిపార్, కోటు గుండీలు పెట్టుకుంటూ. “ఇప్పుడే తీసేశారు.”