అమ్మమ్మ కత్తెర, అత్త పట్టురవిక

నా చిన్నప్పుడు శృంగవరపుకోటలో మా అమ్మమ్మ ఊళ్లోవాళ్లకు రవికలు కుట్టేది. ఆమె కుట్టుపెట్టెలో ఇత్తడి పిడుల కత్తెర ఒకటి ఉండేది. అది వాళ్ల అమ్మమ్మది. గుడ్డకు తప్ప కాగితానికి కూడా దాన్ని ముట్టనిచ్చేది కాదు. ఆ కత్తెర ఇప్పుడు నా దగ్గరుంది, అంచున గంటుతో సహా.

ఆ గంటు పడింది పక్కింటి అత్త వల్ల. అమ్మమ్మ ఇంట్లో లేనప్పుడు నన్నడిగి కత్తెర పట్టుకెళ్లి, దాంతో రేకు కత్తిరించింది. తిరిగిచ్చేటప్పుడు, "నాను తీసుకెల్లినప్పుడే ఇలాగున్నాది పిన్నీ, మీ పిల్లనడగండి" అంది. అమ్మమ్మ కత్తెర అందుకుంది. ఆ గంటును బొటనవేలితో తడుముతూ కూర్చుండిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు చూడడం నాకదే మొదటిసారి.

అత్త తన తమ్ముడి పెళ్లికని అప్పటికే కుట్టమని ఇచ్చిన పట్టురవిక గుడ్డ మా ఇంట్లోనే ఉంది. ముక్కలు కత్తిరించి పెట్టి ఉన్నాయి. మర్నాడు అమ్మమ్మ నూతి దగ్గరున్నప్పుడు, అదే కత్తెరతో వీపు ముక్కను నిలువునా కోసేశాను. గంటు తగిలిన చోటల్లా పట్టు పీక్కుపోయి పోగులు లేచాయి. ఒక్కో పోగు లేస్తుంటే నాకు ఒళ్లంతా హాయిగా అనిపించింది.

అమ్మమ్మ చూసింది. కొట్టలేదు.

"ఏటే, కడుపు సల్లబడిందా? ఆయమ్మకేటైనాది? కూకుని కుట్టాల్సింది నానే కదేటి!" అంది.

నాలుగు రోజులు కిటికీ దగ్గర కూర్చుంది. అప్పటికే ఆమెకు చూపు ఆనేది కాదు. లేచిన పోగులన్నీ చేత్తో అణిచి, మిగిలిన జరీ అంచు ముక్కను కోత మీద పట్టీగా వేసి కుట్టింది. కళ్లు ఎర్రబడి నీరు కారేవి. సూదిలో దారం నేను ఎక్కించి ఇచ్చేదాన్ని. సిగ్గుతో ఆమె మొహంలోకి చూడలేకపోయేదాన్ని.

పెళ్లిరోజు అత్త ఆ రవిక తొడుక్కుని, వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఆగి వెనక్కి తిరిగి చూపించింది. "ఇలాంటి పట్టీ ఎవులికీ లేదు" అని మురిసిపోయింది. నాకు మళ్లీ మండింది. నిజం చెప్పేస్తానన్నాను.

అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "సెప్పకు. దాని ఈపు మీద నీ కోత ఉన్నాదని మనిద్దరికే తెల్సు. అది సాల్లే" అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను.

పక్కింటి అత్త పోయి చాలా ఏళ్లయింది. ఆమెను నేను ఈరోజుకీ క్షమించలేదు. ఆ తర్వాత కూడా పగ తీర్చుకోవాలనిపించిన మనుషులు కొందరు తగిలారు. ప్రతిసారీ చెయ్యి లేవబోయేసరికి, కిటికీ వెలుతురులో కళ్లు తుడుచుకుంటూ కూర్చున్న అమ్మమ్మ గుర్తొస్తుంది. చెయ్యి దించేస్తాను. కోపం మాత్రం దిగదు.