పేరు మార్చి చెప్పాను

నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి మీద నింద పడిన రోజు నేను అదే గదిలో, ఆమె పక్క కుర్చీలో ఉన్నాను. తప్పు చేసింది నేను. ఆ సంగతి ఆ గదిలో నాకు ఒక్కడికే తెలుసు. నోరు తెరవలేదు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు తెరవలేదు. ఆ అమ్మాయి చదువు అక్కడితో ఆగిపోయింది. ఒక తల్లికి బిడ్డ దూరమైంది. నాకు మాత్రం ప్రమోషన్ వచ్చింది.

నాది గద్వాల. వనపర్తిలో ఒక కాలేజీలో కౌన్సెలింగ్ సైకాలజీ చెబుతాను. మా వైపు కౌన్సెలింగ్ అంటే ఇంజనీరింగ్ సీటు కోసం సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్లే చోటు. మా అమ్మ చివరిదాకా వాడకట్టులో "మావోడు పిల్లలకు సీట్లు ఇప్పిస్తడు" అనే చెప్పుకుంది. నేనూ దిద్దలేదు. మనుషుల బాధ వినే పని అని చెబితే "దానికి జీతమెందుకురా" అనేది.

ఆ అమ్మాయిది ఆత్మకూరు. వాళ్ల నాన్న అక్కడ కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. మా పాలమూరు నుంచి మేస్త్రీల వెంట పుణె, ముంబై పనులకు పోయే మగవాళ్లు ఎందరో. భర్త అలా పోయాక కాన్పయిన ఆడవాళ్ల మనసు ఎలా ఉంటుందన్నది ఆమె ఎంచుకున్న విషయం. నాగర్‌కర్నూల్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి తెలకపల్లి వైపు ఊళ్లకు ఇంకో బస్సు. మొదటి రెండు నెలలు ఒక్క ఇంటర్వ్యూ కూడా తేలేదు. వాళ్లతో కూర్చుని పల్లికాయ ఒలిచి వచ్చేది.

"పల్లీలు ఒలవడానికి ఇచ్చారా నీకు ఫెలోషిప్?" అని అడిగాను.

"చేతులు ఖాళీగ ఉంటె నోర్లు తెరవరు సార్. మీరొక్కసారి వచ్చి ఒలువున్రి, మీకు గూడ చెప్తరు" అంది.

నేను వెళ్లలేదు. నా దగ్గర పరిశోధన చేసినవాళ్లలో వినడం చేతనైనది ఆమెకే. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

మూడో నెలలో ఒక ఇంటర్వ్యూ తెచ్చింది. ఇరవై రెండేళ్ల తల్లి. ఆడపిల్ల పుట్టి మూడు నెలలు. భర్త పుణెలో, అత్త మిరపతోటలో కూలికి. చెప్పే ముందు ఆ తల్లి, "ఎవ్వరికి చెప్పవు గద?" అని అడగడం, మా పరిశోధన అమ్మాయి "అమ్మీ కసం అక్కా" అని తల్లి మీద ఒట్టు పెట్టడం టేపులో వినబడతాయి. తర్వాత ఆ తల్లి గొంతు: "పిల్లను ఎత్తుకుంటె బాయిల ఏస్తనేమో అనిపిస్తది. నాకు గట్ల చెయ్యబుద్ధి గాదు. గని కండ్ల ముందర కనిపిస్తది. భయమైతది."

బిడ్డను బావిలో వేస్తానేమోనన్న ఆ భయంతో ఆమె రోజూ మధ్యాహ్నం బిడ్డను పక్కింటి ముసలమ్మకు ఇచ్చి, రోడ్డు మీదికి వెళ్లి బస్ షెల్టర్‌లో కూర్చునేది. బస్సు ఆగేది. కండక్టర్ ఎక్కుతావా అని అడిగేవాడు. తల అడ్డంగా ఊపేది. పొద్దుగూకి అత్త వచ్చాకే ఇంటికి. ఊళ్లో జనం మాత్రం మొగుడి మీద బెంగ అని నవ్వుకునేవారట.

ఇలాంటి తలపులు కొత్త తల్లుల్లో చాలామందికి వస్తాయి. వాటికి ఇంతగా హడలిపోయే తల్లి బిడ్డకు హాని చేసే మనిషి కాదు, బిడ్డను కాచుకునే మనిషి. వైద్యంతో తగ్గేదే. మా అమ్మాయి ఆమెను దవాఖానాకు తీసుకెళ్దామంది. వచ్చే వారం డాక్టరుతో మాట్లాడతానన్నాను.

ఆ వచ్చే వారానికి ముందు నాకు ఎం.ఏ. పిల్లల క్లాసు ఉంది. భోజనాల తర్వాతి గంట. పాఠం, భయంతో వచ్చిన మనిషి మాట ఎలా వినాలి అన్నది. వెనక వరుసలు కునుకుతున్నాయి. పుస్తకం మూసి ఆ తల్లి సంగతి ఎత్తుకున్నాను. జాగ్రత్త పడ్డాననే అనుకున్నాను. ఆమెకు వేరే పేరు పెట్టాను. ఊరిని కృష్ణ దాటించి కర్నూలు వైపు చేశాను. ఆడపిల్లను మగపిల్లవాణ్ని చేశాను. బస్ షెల్టర్‌ను మాత్రం మార్చలేదు. అది తీసేస్తే మిగిలేది ఏ పుస్తకంలోనైనా దొరికే కథ. ఎక్కని బస్సుల ముందు కూర్చున్న తల్లి అనేసరికి క్లాసులో పెన్నులు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం నాకు ఎంత తీపిగా అనిపించిందో ఇవాళ దాచదలచుకోలేదు.

మా కాలేజీకి పిల్లలు చుట్టుపక్కల ఊళ్ల నుంచే వస్తారు. మూడో బెంచీలో ఉన్న ఒక అబ్బాయిది ఆ ఊరే. రోజూ ఆ షెల్టర్ ముందు నుంచే బస్సులో వెళ్లి వచ్చేవాడు. పేరుతో పనేముంది వాడికి? ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాడు. నోటి నుంచి నోటికి పాకేసరికి ఆ మాట ఎక్కడ పుట్టిందో ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఐదో రోజున ఆ తల్లి అత్త, బావగారు కాలేజీకి వచ్చారు. అప్పటికే బిడ్డను తమ దగ్గర ఉంచుకుని, కోడల్ని బీచుపల్లి దగ్గర తల్లిగారి ఊరికి పంపేశారు. ప్రిన్సిపాల్ మమ్మల్నిద్దరినీ పిలిపించాడు.

"మా కోడలు పిల్లను బాయిల ఏస్తదంట. ఊరంత గదే ముచ్చట" అంది అత్త. "నాకు ఎర్కలేని సంగతి ఊరికెట్ల ఎర్కైంది సారూ? గీ పిల్లనే గద టేపు డబ్బ పట్టుకొచ్చి అడిగింది? మా ఇంట్ల చాయ్ తాగి మా ఇంటినే బజారుకేసె!"

"నేను ఎవ్వరికి చెప్పలేదమ్మా. టేపు నా తాన, మా సార్ తాన. గంతే" అని మా అమ్మాయి నా వైపు తిరిగింది. "సార్, మీరు చెప్పున్రి."

నేను ఆమెను వెనకేసుకొస్తానని నమ్మి అన్న మాట అది. నేను అన్నది ఇది: "పరిశోధనలో గోప్యత చాలా ముఖ్యం. విచారణ జరిపిద్దాం."

"సదువుకున్నోళ్ల భాష మాకు సమజ్ గాదు. చెప్పినోడెవడు? గది చెప్పున్రి" అన్నాడు బావగారు.

నేను నీళ్ల గ్లాసు అందుకున్నాను.

ఆ గదిలో నేను మింగిన మాట ఇంకొకటి ఉంది. మీ కోడలి వల్ల బిడ్డకు ముప్పు లేదు, ఇద్దర్నీ విడదీయకండి, వైద్యం చేయిద్దాం అని ఆ అత్తకు చెప్పగల మనిషిని అక్కడ నేనే. చెబితే వినేదేమో. కానీ చెప్పాలంటే టేపు విన్నానని నా నోటితో ఒప్పుకోవాలి. ఇంకా ఎవరికి చెప్పావని తర్వాతి ప్రశ్న వస్తుంది. రెండు మాటల్నీ కలిపి మింగేశాను.

బయట వరండాలో మా అమ్మాయి అడిగింది. "సార్, ఏమనుకోకున్రి. క్లాసుల ఏమన్న చెప్పిన్రా?"

"పేర్లు బయటపెట్టే మనిషినా నేను?"

"లేదు సార్, తప్పైంది" అంది. అడిగినందుకు ఆమే సిగ్గుపడి తల దించుకుని వెళ్లింది.

కమిటీ వేశారు. పరిశోధకురాలి అజాగ్రత్త వల్లనే సంగతి బయటికి పొక్కిందని నివేదిక రాశారు. అందులో నా సంతకం ఉంది. క్లాసులో ఉన్నవాళ్లందరికీ నిజం తెలుసు. వాళ్ల ఇంటర్నల్ మార్కులు నా చేతిలో ఉన్నాయి. ఎవరూ మాట్లాడలేదు.

ఆమెను తీసుకెళ్లడానికి వాళ్ల నాన్న వచ్చాడు. సంచీలో ఆమె పుస్తకాలు సర్దుకుని, నా గది గడప దగ్గర నిలబడి, "సారూ, చిన్నపిల్ల. జర నోరు జారిందేమో. మాఫ్ చెయ్యున్రి" అన్నాడు.

నేను "పర్వాలేదు" అన్నాను.

ఆమె సేకరించిన ఇంటర్వ్యూలతో నా వ్యాసం అచ్చయింది. చివర కృతజ్ఞతల్లో ఆమె పేరు. తర్వాతి ఏళ్లలో కాలేజీ నైతిక నియమాల సంఘానికి నన్ను అధ్యక్షుణ్ని చేశారు. ప్రతి ఏడూ కొత్త పిల్లలకు గోప్యత మీద మొదటి పాఠం నేనే చెప్పాను. బాగా చెబుతానని పేరు.

పోయిన ఏడు నాగర్‌కర్నూల్‌లో అధ్యాపకులకు ఒకరోజు శిక్షణ ఉంటే వెళ్లాను. భోజనాల దగ్గర పాత విద్యార్థి ఒకతను ప్లేటుతో వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు లెక్చరర్.

"సార్, మీ బస్ షెల్టర్ కేసు నేను ఏటా క్లాసుల చెప్త. ఒక్కడు నిద్రపోతె ఒట్టు."

ముద్ద ప్లేటులో పెట్టి అడిగాను. "అది ఏ ఊరో నీకు తెలుసా?"

"అందరికి తెలుసు గద సార్. గప్పుడే తెలుసు" అని నవ్వాడు.

"మరి అప్పుడు ఎందుకు చెప్పలేదయ్యా?"

"మీరే చెప్పకపోతిరి. మేమెట్ల చెప్తం సార్?"

అతని మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. నేను నేర్పినదే అతను చేశాడు.

ఆ వారమే ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాశాను. క్లాసులో చెప్పింది నేనని, నివేదికను సరిచేయాలని. ఇప్పుడున్న ప్రిన్సిపాల్‌కు ఆ సంగతే తెలియదు. క్లర్కు చదివి, "సార్, మూసిన ఫైలు. ఊకున్న పానానికి ఎందుకు పరేషాన్?" అన్నాడు. ఉత్తరం అందినట్టు ఇన్వర్డ్ ముద్ర వేయించుకుని ఒక కాపీ తీసుకుని ఆత్మకూరు బస్సెక్కాను.

వాళ్ల నాన్న చనిపోయి రెండేళ్లయిందని అక్కడికి వెళ్లాకే తెలిసింది. ఆయన అడిగిన క్షమాపణకు నేనిచ్చిన జవాబును ఇక వెనక్కి తీసుకోలేను. ఆమె ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ, సాయంత్రాలు ఆయన కుట్టుమిషన్ల కొట్టు చూసుకుంటోంది. నిలబడే ఉత్తరం చదివింది.

"నాకు తెలుసు సార్."

"ఎప్పటి నుంచి?"

"ఆ ఏడే. మీ క్లాసు పిల్ల ఒకామె పెండ్లిపత్రిక ఇయ్యనీకి వచ్చి చెప్పింది."

"నన్నెందుకు అడగలేదు?"

"ఒకసారి అడిగిన గద సార్."

కాగితం మడిచి నాకే తిరిగి ఇచ్చింది. "గిది నాకెందుకు? ఆ అక్కకు చెప్పున్రి. అమ్మీ కసం తిని నేనే మోసం చేసిననుకుంటది. నెలకొకపారి పోత. దవాఖానకు తోల్కపోయిన, మందులతోని ఆ భయం పోయింది. కూసోమంటది, చాయ్ ఇస్తది. మనసుల మాట ఒక్కటి చెప్పదు. సార్ చెప్పిండని నేనంటె, నా తప్పు మీ మీదికి నూకినట్లుంటది. మీరే చెప్పాలె."

ఆ ఆదివారం ఇద్దరం బీచుపల్లి దిక్కు వెళ్లాం. బస్సులో ఆమె కిటికీ పక్కన, నేను రెండు సీట్ల వెనక. ఆ తల్లి అన్నావదినల ఇంటి పక్కన రేకుల గదిలో ఉంటోంది. గుమ్మంలో కూర్చుని ఎండుమిర్చి తొడిమలు తీస్తోంది. బిడ్డకు తొమ్మిదేళ్లు దాటాయట. ఏడాదికోసారి రెండు రోజులు అత్తవారు పంపుతారు, నానమ్మ కూడా వస్తుంది. రాత్రి తల్లి పక్కన పడుకోనివ్వరు. పిల్ల ఆమెను అమ్మా అనదు, ఏమీ అనదు.

నేనెవరో మా అమ్మాయి చెప్పింది. కింద కూర్చుని, టేపు విన్నది నేనని, క్లాసులో చెప్పింది నేనని, ఈ అమ్మాయి ఎవరికీ చెప్పలేదని గొణిగాను.

ఆమె చేతులు ఆగలేదు. తొడిమలు తీస్తూనే మా అమ్మాయి వైపు చూసింది. తర్వాత నాతో అంది.

"జర గట్టిగ చెప్పున్రి సారూ. గోడకవతల మా వదినోళ్లున్నరు. నన్ను పిచ్చిదన్నోళ్లందరు ఇనాలె."

లేచి నిలబడ్డాను. గొంతు పెంచి, మా గద్వాల మాటలోనే చెప్పాను.

"అమ్మా, నువ్వు పిచ్చిదానివి గాదు. బిడ్డను కాపాడుకున్న తల్లివి. గా దినం మీ అత్తకు నేను చెప్పాల్సి ఉండె, నా ఇజ్జత్ పోతదని చెప్పలే. నీ ముచ్చట పదిమందిల పెట్టింది నేను. గీ పిల్ల కాదు. నీ బిడ్డ నీకు దూరమైంది నా వల్ల. రేపు తెలకపల్లి దిక్కు పోయి మీ అత్త ముందర గిదే చెప్త. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యమని అడిగే మొకం గూడ లేదు, అయినా అడుగుతున్న."