అలిగిన రోజు సర్వపిండి

మా అవ్వ, అంటే మా అమ్మ, పండుగలను క్యాలెండర్‌లో చూసేది కాదు. "తిథి పొయ్యి మీద తెలుస్తది బిడ్డా" అనేది. అటుకులు కలిపితే బతుకమ్మ రెండో రోజు, పప్పు ముద్దగా ఉడికితే మూడో రోజు. ఇంటి ముందు గదిలో బట్ట నేసే సాంచాలు టకటకమంటూనే ఉండేవి. ఆ చప్పుడులో నిద్రపోయి, ఏదో ఒక వాసనకు లేచేదాన్ని. ఇప్పటికీ నా కలల్లోకి తేదీలు రావు, వాసనలే వస్తాయి.

ఆరో రోజు బతుకమ్మ అలుగుతుందట. ఆ రోజు పూలు పేర్చరు, ఆడరు, నైవేద్యం పెట్టరు. ఆమె అలిగితే మాకేం, పిల్లలకు అసలు పండుగ అదే. దేవుడి పని లేదు కాబట్టి అవ్వ తీరిగ్గా మా కోసమే సర్వపిండి చేసేది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి, గిన్నె లోపల పలచగా ఒత్తి, వేలితో చిల్లులు పొడిచి, నూనె చుక్కలు వేసి కాల్చేది. గిన్నె చల్లారాకే రెండోది ఒత్తేది.

తర్వాత నేను మందమర్రికి, బొగ్గుబావి కాలనీలో చర్చికి వెళ్లే ఇంటికి కోడలిగా వచ్చాను. నచ్చినవాణ్ణి చేసుకున్నానని అవ్వ అలిగింది. బతుకమ్మ అలక ఒక్కరోజే, మా అవ్వ పట్టిన కుందేలుకు మాత్రం మూడే కాళ్లు. ఫోన్ చేస్తే మా నాన్న, బాపే ఎత్తి, "మీ అవ్వ పనిల ఉన్నది" అనేవాడు.

"క్రిస్మస్ ఎప్పుడైనా ఒక్క తారీఖే. మీ పండుగనే ఏడాదికో దిక్కు పోతది" అని మా అత్త నవ్వేది.

"యాడికి పోయినా మళ్ల వస్తది గదా అత్తమ్మా" అనేదాన్ని. నా బెంగంతా అవ్వ గురించే. ఎప్పటికైనా మా గడప తొక్కుతుందా, నా చేతి వంట తింటుందా అని.

మొన్న బతుకమ్మ ఆరో రోజు, మబ్బు పట్టిన మధ్యాహ్నం, ఇంట్లో ఒక్కదాన్నే ఉండి సర్వపిండి పెట్టుకున్నాను. మొదటిది బాగానే వచ్చింది. ఆ వాసనలో ఎక్కడున్నానో మరిచిపోయి, చెయ్యి చురుక్కుమంటున్నా వేడి గిన్నెలోనే రెండోది ఒత్తాను. అది అడుగుకు అంటుకుని ఊడి రానంది. అట్లకాడతో గీకుతుంటే ఎవరో తలుపు కొట్టారు.

అవ్వ. చేతిలో గుడ్డ కట్టిన స్టీలు డబ్బా, మొహం నిండా చెమట.

"ఇయ్యాల బతుకమ్మకు ఏం పెట్టద్దు" అంది, చెప్పులు విడుస్తూ, నా వైపు చూడకుండా. "బిడ్డకు పెట్టద్దని ఎవ్వలనలే గదా."

నాకు ఏడుపు ఆగలేదు. అవ్వ చూడనట్టే వంటింట్లోకి నడిచి, గిన్నెలోకి తొంగి చూసింది.

"సల్లారకముందే ఒత్తినవా?"

"మరిచిపోయిన అవ్వా."

తను తెచ్చిన డబ్బా మూత తీయలేదు. గిన్నె అడుగున మాడిన నా పిండిని గోటితో పెకిలించి నోట్లో వేసుకుంది.

"ఉప్పు జర తక్కువైంది" అని, ఇంకో ముక్క తీసుకుంది.