పాలలో నేను కలిపిన బియ్యప్పిండి

మా బాబుకు నెల దాటిన కొత్తలో, ఒక ఉదయం పాలు తాగుతూ తాగుతూ ఆగిపోయాడు. దగ్గు లేదు, ఏడుపు లేదు. పెదవుల చుట్టూ నీలం తిరిగింది. నా భార్య కళ్యాణి వాణ్ణి బోర్లా తిప్పి వీపు తట్టింది. ముక్కులోంచి పాలు వచ్చాయి, ఆ తర్వాత ఊపిరి వచ్చింది. నేను షాపు తాళాలు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

"పొలమారిందిలే," అన్నాను.

"రోజూ గొంతులో గరగరమంటోందండి. ఈ పూట షాపు తీయకపోతే ఏమవుతుంది?" అంది. నేను వెళ్ళిపోయాను.

మాది ఏలూరు. పెదపాడు నుంచి కొల్లేరు దాకా చెరువుల రైతులకు చేపల మేత, మందులు అమ్ముతాను.

ఆ వారమే బాబుకు జ్వరం వచ్చింది. ఊపిరి తీస్తే డొక్కలు లోపలికి పోతున్నాయి. మా ఊళ్ళోనే ఆసుపత్రిలో చేర్చి ఎక్స్‌రే తీయించాం. "యాస్పిరేషన్ న్యుమోనియా అండి. మింగడం కుదరక పాలు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి," అన్నారు డాక్టరుగారు. డిశ్చార్జి రోజున వరండాలో నడుస్తూనే, "పాలు కొంచెం థిక్ చేసి పట్టండి, నెమ్మదిగా దిగుతాయి," అని లిఫ్టు ఎక్కేశారు. దేనితో చేయాలో, ఎంత చేయాలో చెప్పలేదు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. అడగని నా మీద అంతకన్నా ఎక్కువ కోపం. నాకు తెలుసనుకుని అడగలేదు.

చెరువులో చేపకు మందు పట్టాలంటే మేత గుళికలకు జిగురు పట్టించి, దాంతో మందు అంటించాలి. ఎంత మేతకు ఎంత జిగురో రైతులకు చెప్పేది నేనే. ఇక పాలు చిక్కబరచడం నాకొక లెక్కా అనుకున్నాను. బియ్యం కడిగి ఆరబెట్టి మెత్తగా పట్టించాను. ఆ పిండితో జావ కాచి చల్లార్చి, కళ్యాణి పిండుకుని ఇచ్చిన తన పాలలో కలిపాను. చెంచాతో ఎత్తితే తీగలా జారింది. పొంగిపోయాను.

ఉగ్గుగిన్నెతో పట్టడం మొదలుపెట్టాం. గిన్నె సగమయ్యేసరికి పాలు మళ్ళీ నీళ్ళలా అయిపోయాయి. బాబు ఉక్కిరిబిక్కిరయ్యాడు. మా అమ్మ గిన్నెలోకి తొంగి చూసి, "దాని పాలే నీళ్ళపాలురా. పిండి వేసినా నిలవట్లేదు," అంది.

"అలా అనకండి అత్తయ్యగారూ," అంది కళ్యాణి, నా వైపు చూస్తూ.

నేను అమ్మను వారించలేదు. పైగా బాబును చూడడానికి తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన కళ్యాణి వాళ్ళమ్మ ముందే, "మీ అమ్మాయి పాలలో చిక్కదనమే లేదండి. ఏం పెట్టి పెంచారో," అన్నాను. నవ్వుతూ అన్నాను. ఆవిడ ఆ పూట మా ఇంట్లో అన్నం తినలేదు. కళ్యాణి పాలు పిండుకునేటప్పుడు తలుపేసుకోవడం మొదలుపెట్టింది. నేను పిండి పెంచాను.

రెండోసారి న్యుమోనియా వచ్చినప్పుడు మా ఊరి ఆసుపత్రిలో చేర్చుకోలేదు. అంబులెన్సులో విజయవాడ తీసుకెళ్ళాం. ఆక్సిజన్ పెట్టారు, ముక్కులోంచి పొట్టలోకి ట్యూబు వేశారు. వీడు బతుకుతాడా అని అడిగితే, "ఇప్పుడే చెప్పలేమండి," అన్నారు.

వాడు తేరుకున్నాక స్వాలో స్టడీ చేశారు. మింగుతుంటే ఎక్స్‌రే వీడియో తీస్తారు. పలచని పాలు గొంతు దాటగానే పక్కదారి పట్టడం తెరమీద నేనే చూశాను. ఇంట్లో ఏం చేశారని, పిల్లలకు మింగడం కూడా నేర్పించే స్పీచ్ థెరపిస్ట్ మేడమ్ అడిగింది. చెప్పాను. కళ్యాణి పాలు కొంచెం తీసుకుని, నేను చెప్పినట్టే జావ కాయించి కలిపి గ్లాసు బల్లమీద పెట్టింది. కాసేపటికి అది మా కళ్ళ ముందే పలచబడింది.

"పాలలో తప్పేం లేదు సార్. పిండిని అరిగించే ఎంజైమ్ తల్లిపాలలో సహజంగానే ఉంటుంది. మీరెంత పిండి వేసినా అరిగించేస్తుంది. మంచి పాలు కాబట్టే అలా జరిగింది," అంది మేడమ్.

కళ్యాణి నా వైపు చూడలేదు. గ్లాసునే చూస్తోంది.

కొత్త మేత వస్తే, గుళికను గ్లాసు నీళ్ళలో వేసి ఎంతసేపు విడిపోకుండా ఉంటుందో చూడందే నేను ఒక్క బస్తా అమ్మను. చేపకు చేసినపాటి పరీక్ష నా కొడుక్కి చేయలేదు. కలిపిన క్షణంలో చూసి సరిపోయిందనుకున్నాను. తర్వాత పలచబడితే నేరం నా భార్య మీద వేశాను. ఇంత జరిగాక కూడా నోరు ఊరుకోలేదు. "మా షాపులో జిగురు పొడి ఉంటుందండి, అది కరగదు," అన్నాను.

"చేపలకి వేసేదా? అది షాపులోనే ఉంచండి సార్," అంది మేడమ్.

కొన్ని వారాలు ట్యూబుతోనే పాలు పట్టాం. తర్వాత పక్కకు పడుకోబెట్టి, పాలు నెమ్మదిగా వచ్చే నిపిల్‌తో, మధ్యమధ్య ఆపుతూ పట్టడం నేర్పారు. ఒక రకం గింజల నుంచి తీసిన పొడి రాసిచ్చారు. అది పిండి కాదు కాబట్టి తల్లిపాలలో నిలుస్తుంది. కలపగానే చిక్కబడదు, కాసేపు ఆగాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఇలాంటి పొడులు కొన్ని పేగులకే ప్రమాదమట, డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదట. మధ్యలో జలుబు చేసి మళ్ళీ ట్యూబు పెట్టాల్సి వచ్చింది. ఆ రోజు కళ్యాణి గట్టిగా ఏడ్చింది. పాలు పిండడం మాత్రం మానలేదు.

ఇప్పుడు వాడు మెత్తగా కలిపిన పప్పన్నం తింటున్నాడు. నీళ్ళు గ్లాసుతో తాగుతున్నాడు. కళ్యాణికి క్షమాపణ చెబితే, "నాకెందుకండీ? ఎవరి ముందు అన్నారో వాళ్ళ ముందు చెప్పండి," అంది. అమ్మ ముందు చెప్పాను. "ఇప్పుడవన్నీ ఎందుకురా," అని లేచి వెళ్ళిపోయింది. తాడేపల్లిగూడెం వెళ్ళి అత్తగారి ముందు చెప్పాను. ఆవిడ విని, "బాబు బాగున్నాడు కదా," అని మాత్రం అంది. కళ్యాణి నన్ను క్షమించిందో లేదో నేను అడగలేదు.

మీ బిడ్డకు పాలు చిక్కగా పట్టమని ఎవరైనా చెబితే తలూపి వచ్చేయకండి. ఏ పొడి, ఎంత పాలకు ఎంత, కలిపాక ఎంతసేపు ఆగాలి, తల్లిపాలలో అది నిలుస్తుందా, నా బిడ్డ వయసుకు పనికొస్తుందా అని అడగండి. వాళ్ళ ఎదుటే ఒకసారి కలిపి చూపించమనండి. డాక్టరుగారు లిఫ్టు వైపు నడుస్తుంటే అడ్డంగా నిలబడండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.