పులిహోర డబ్బా కాపాడిన బోట్

మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. పోయిన వేసవిలో మా ఆయన, బాస్ అనే రకం చేపలు పట్టడానికి ఒక పాత బోట్ కొన్నారు. కొత్త కారుకి చేసినట్టే దానికీ పూజ చేయాలని నేను పట్టుబట్టాను. ఆయన బోట్ కడిగి, నీళ్లు పోవడానికి అడుగున ఉండే రబ్బరు ప్లగ్ తీశారు. నేను బొట్లు పెట్టాను, ఆయన కొబ్బరికాయ కొట్టారు, బోట్‌ని మోసుకెళ్లే ట్రెయిలర్ చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. పూజకి చేసిన పులిహోర డబ్బాలో సర్దుకుని అట్నుంచి అటే లేక్‌కి వెళ్లాం.

ఒడ్డు కాస్త దూరమయ్యాక ఆయన నాకు గాలాల మీద క్లాసు మొదలుపెట్టారు.

"బాస్‌కి ఎర కదులుతూ ఉండాలి. ఓపిక ముఖ్యం."

"ఓపిక సరే, నా కాళ్లు తడుస్తున్నాయేంటి?"

ఆయన కిందికి చూసి పాలిపోయారు. "ప్లగ్ పెట్టావా?"

"నన్నడుగుతారేంటి? తీసింది మీరు."

నాకు ఈత రాదు. లైఫ్ జాకెట్ బిగించుకుని, పులిహోరంతా లేక్‌లో గుమ్మరించి, ఆ డబ్బాతో నీళ్లు తోడటం మొదలుపెట్టాను. ఆయన బోట్‌ని ఒడ్డుకి తిప్పారు. అంతలో, నీళ్లలో చేపలెక్కడున్నాయో చూపించే మెషీన్ అప్పటిదాకా మూగగా ఉండి, ఒక్కసారిగా కీచుకీచుమంది.

"ఒక్క నిమిషం, కింద చేపలొచ్చాయి" అంటూ ఆయన గాలం వైపు చెయ్యి చాచారు. నేను చూసిన చూపుకి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఎలాగో ఒడ్డున పడి ఇంటికొచ్చి చూస్తే, ప్లగ్ పూజ పళ్లెంలో పూల మధ్య కుంకుమ బొట్టుతో కూర్చుని ఉంది. అక్కడ పెట్టింది ఆయన, బొట్టు పెట్టింది నేను. అందుకే పోట్లాట జరగలేదు.

ఇప్పుడు ఆ ప్లగ్‌ని కారు తాళానికి కట్టేశాం. బోట్ కొనేవాళ్లు మీరూ అలాగే చేయండి. పులిహోర మాత్రం ప్రతిసారీ రెండు డబ్బాలు పట్టుకెళ్తున్నాం. ఒకటి మాకు, ఇంకోటి లేక్‌కి.